ఎవరి పేర బియ్యం?

పోయిన ఏడు పెత్తరమాస నాడు, పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు అడిగిన ఒక్క చిన్న ప్రశ్నకు నాకు నోరు పెగల్లేదు.

బాపు సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి పెత్తరమాస అది. అంతకుముందు ముప్పై ఏళ్లు బియ్యం ఇచ్చే పని ఆయనదే. నేను పక్కన పళ్లెం పట్టుకుని నిలబడేవాణ్ణి. మంచిర్యాలలో మేం వెళ్లే గుడి ముందు ఆ పొద్దున రద్దీ ఎట్లుంటుందో తెలిసినవాళ్లకు తెలుసు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పళ్లెం. బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, నాలుగు బీరకాయలు, ఓపిక ఉన్నవాళ్లు గుమ్మడికాయ. ముత్తయిదువగా పోయిన ఆడమనిషి ఉంటే పసుపు, కుంకుమ, రవిక గుడ్డ. వరుస ముందుకు జరుగుతుంటుంది. అయ్యగారు ఒకరి పేర్లు ముగించి ఇంకొకరి గోత్రం అడుగుతుంటారు.

"నాన్నగారి పేరు?" చెప్పాను. "తాత?" చెప్పాను. "ముత్తాత?" అదీ చెప్పాను, కొంచెం గర్వంగానే. "ఆడవాళ్లు? అమ్మ ఉన్నారా?" ఉన్నారన్నాను. "నాయనమ్మ?" చెప్పాను. "తాతమ్మ?"

"పెద్దవ్వ" అన్నాను.

"అది పేరు కాదు గదయ్యా."

వెనక గుమ్మడికాయ మోస్తున్నాయన చేతులు మార్చుకున్నాడు. అయ్యగారికి ఇట్లాంటివాళ్లు రోజుకు పదిమంది తగులుతారు కాబోలు, ఏదో అనేసి నీళ్లు విడవమన్నారు. విడిచాను. ఆయన ఏ పేరు అన్నారో వినిపించలేదు.

అరుగు దిగుతుంటే తట్టింది. ముప్పై ఏళ్లు బాపు ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఉంటాడు. నేను జానెడు దూరంలో ఉన్నాను. వయసులో ఉన్నప్పుడు రైలు టైముకు పోతానా లేదా అని గడియారం చూసుకుంటూ, తర్వాత తర్వాత ఫోన్ చూసుకుంటూ, ఒక్క ఏడు కూడా చెవి పెట్టలేదు.

ఇంటికొచ్చి అమ్మను అడిగితే నవ్వింది. "అత్తగారి అత్త పేరు కోడలు పలుకుతదారా ఎక్కడన్న? మా అత్తనే ఆమె పేరు ఎన్నడు తియ్యలె."

ఇదీ అసలు సంగతి. మా దిక్కు ఆడమనిషికి పెళ్లయిన మర్నాటి నుంచి పేరుతో పని ఉండదు. పుట్టింటి ఊరిని బట్టి ఫలానా ఊరామె అంటారు. కొడుకు పుడితే ఫలానా వాని అవ్వ అవుతుంది. మనుమలు పుడితే పెద్దవ్వ. రేషన్ కార్డూ ఆధారూ వచ్చాక పరిస్థితి మారింది కానీ, వాటికి ముందు పోయినవాళ్ల పేర్లు వాళ్లతోనే పోయాయి. శాస్త్రాన్ని ఆడిపోసుకుందామంటే వీల్లేదు. తర్పణంలో తల్లికి, నాయనమ్మకు, ఆమె అత్తగారికి కూడా చోటుంది. మూడు తరాల ఆడవాళ్ల పేర్లు అడుగుతారు. అడిగేవారు ఉన్నారు, చెప్పడానికే మనదగ్గర లేవు. వంశాలు చెప్పేవాళ్లు మన దగ్గర తక్కువా? పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు. పటం విప్పి, తాళం వేసి, మూలపురుషుడి దగ్గర్నుంచి ఎత్తుకుంటారు. మూలపురుషుడు అన్న మాటలోనే ఉంది కదా, కథ ఎటు నడుస్తుందో.

పెద్దవ్వ గురించి నాకు తెలిసింది రెండే ముక్కలు. మా తాతను కన్నది. బల్లార్షాలో మట్టయింది.

బల్లార్షాలో ఇప్పటికీ మా మేనత్త ఉంది. ఎనభై దాటింది. బాపుకు అక్క. పెద్దవ్వను కళ్లతో చూసినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. దసరా తర్వాత ఓ ఆదివారం రైలెక్కాను. కాగజ్‌నగర్, సిర్పూర్ టౌన్, మాకుడి, విరూర్, మాణిక్‌గఢ్, ఆ తర్వాత వర్ధా నది వంతెన. వంతెన దాటితే ఒకప్పుడు నిజాం రాజ్యం అయిపోయి ఇంగ్లీషువాళ్ల రాజ్యం మొదలయ్యేది. కాజీపేట నుంచి బల్లార్షా దాకా పట్టాలు పూర్తిగా కలిసింది 1929లో. ఆ దారి కలిశాకే ఢిల్లీకీ మద్రాసుకూ మధ్య గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నేరుగా పరుగెత్తింది. దేశానికి అది ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కలిపిన రైలు. పెద్దపల్లి, మంచిర్యాల దిక్కున కరువుకు ఎండిన ఇళ్లకు మాత్రం బొగ్గు గనుల కూలికి తీసుకుపోయిన రైలు. చాందా (ఇప్పటి చంద్రపూర్) గనుల బస్తీల్లో తెలుగు ఈనాటికీ వినిపిస్తుందంటే ఆ పట్టాల పుణ్యం చాలా ఉంది. మరాఠీవాళ్లు మనవాళ్లను తెలంగీలంటారు. మూడు తరాలు అక్కడే పుట్టి పెరిగినా తెలంగీలే.

అత్త చాయ్ పోసి, నేను వచ్చిన పని విని, కాసేపు మాట్లాడలేదు.

"పెద్దవ్వనే అల్లుడా. అందరు గట్లనే పిలిచిరి. దుకాణపోడు గూడ ఖాతల పెద్దవ్వ అనే రాసుకునేది."

పేరు దొరకలేదు కానీ మనిషి కొంచెం దొరికింది. ఆ మాటల్ని నాకు తెలిసిన సన్ తేదీలకు అతికించుకుంటే బొమ్మ ఇట్లా వచ్చింది.

ఆడవాళ్లు భూగర్భ గనుల్లోకి దిగకూడదని మన దేశంలో 1929 నుంచి మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చి, 1937లో పూర్తిగా నిషేధించారు. రెండో ప్రపంచ యుద్ధం ముదిరింది. బొగ్గు చాల్లేదు, మగకూలీలు మిలిటరీ పనులకు పోయారు. 1943 ఆగస్టులో సర్కారు ఆ నిషేధాన్ని ఎత్తేసింది. మొదట ఎత్తేసింది సెంట్రల్ ప్రావిన్సెస్ గనుల్లోనే. చాందా ఉన్నది అందులోనే. 1946 ఫిబ్రవరి 1 నుంచి మళ్లీ నిషేధం. ఆ రెండున్నరేళ్ల సందులో మా పెద్దవ్వ గనిలోకి దిగింది. అప్పటికి ఆమెకు నలభై దాటి ఉంటాయి. నెత్తిన బొగ్గు తట్ట, నడుముకు కట్టిన దీపం. "ముక్కు చీదితే నెలరోజులు నల్లగనే వచ్చేదట" అంది అత్త. అదొక్కటే ఆమె ఆ గని గురించి ఇంట్లో చెప్పిన మాటట.

పని పోయాక బారకాసుల్లో ఒంటరి కూలీలకు జొన్నపిండి విసిరి రొట్టెలు కాల్చి పెట్టేది. అక్కడ దాన్ని ఖానావళ్ అంటారు. పొద్దున నాలుగింటికి ఇసుర్రాయి మొదలైతే వాడకట్టు లేచేదట. 1961లో, వానకాలం వెనకపడ్డాక, జ్వరంతో పోయింది.

లెక్క వేస్తే నవ్వొస్తుంది. పుట్టింది నిజాం ఇలాకాలో. వర్ధా దాటి వచ్చి ఇంగ్లీషువాళ్ల సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కాపురం. 1950లో అది మధ్యప్రదేశ్ అయింది. 1956లో బొంబాయి రాష్ట్రంలో కలిసింది. అదే ఏడు ఏటి అవతల ఆదిలాబాద్ జిల్లాలో ఉండిన రాజురా తాలూకా కూడా ఇటే వచ్చింది. 1960లో మహారాష్ట్ర. ఆమె మాత్రం ఆ బారకాసు గడప నుంచి జరగలేదు. ఇన్ని రాష్ట్రాలలో ఏ ఒక్కటీ ఆమె పేరు అడిగినట్టు లేదు. అడిగి ఉంటే ఎక్కడో ఓ కాగితం మిగిలేది.

మర్నాడు అత్తను తీసుకుని చంద్రపూర్ వెళ్లాను. బల్లార్షా నుంచి కొద్ది దూరమే. మహాకాళి దర్శనం చేసుకోందే ఆమె ఎక్కడికీ రాదు. చైత్రంలో జాతరకు మరాఠ్వాడా నుంచి, మన ఆదిలాబాద్ నుంచి జనం విరగబడి వచ్చే గుడి అది. ఇప్పుడున్న గుడి కట్టించింది గోండు రాణి హీరాయి. ఆ పేరు వింటూనే ఒళ్లు జలదరించింది. మూడు వందల ఏళ్ల కిందటి ఆడమనిషి, ఊళ్లో పిల్లవాణ్ణి అడిగినా పేరు చెప్తాడు.

చాందా గోండు రాజు బీర్‌షా 18వ శతాబ్దం మొదట్లో హత్యకు గురయ్యాడు. వారసుడు లేడు. హీరాయి రామ్‌షాను దత్తత తీసుకుని, వాడు ఎదిగేదాకా రాజ్యం నడిపింది. భర్తకు సమాధి కట్టించింది. అంచలేశ్వర్ గుడి పక్కన గోండు రాజుల సమాధులు వరుసగా ఉంటాయి. వాటన్నిటిలో పెద్దది బీర్‌షాదే. మీద గుమ్మటం, చుట్టూ కమానులు, లోపలికి అడుగు పెట్టగానే చల్లదనం. దేశంలోనే బాగా కాలే ఊళ్లలో చంద్రపూర్ ఒకటి, వేసవిలో 47 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. అట్లాంటి ఊళ్లో ఆ నీడ విలువ అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. మొగుడు పెళ్లానికి కట్టించింది ఆగ్రాలో ఉంది, పెళ్లాం మొగుడికి కట్టించింది మా ఊళ్లో ఉంది అని ఊరివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే. నా బుర్ర మాత్రం ఇంకో దారి పట్టింది. రాణికి కూడా పేరు నిలబడింది మొగుడి సమాధి మీదుగానే కదా.

ఊరి చుట్టూ ఉన్న కోటకు నాలుగు దర్వాజాలు, ఐదు కిటికీలు. జట్‌పురా, పఠాన్‌పురా, అంచలేశ్వర్, బింబా దర్వాజాల కిందనుంచి ఆటోలు, లారీలు పోతూనే ఉంటాయి. గోడ మీద ముళ్లకంపలు, మర్రిమొలకలు పెరిగిపోతే 2017లో ఎకో-ప్రో అనే సంస్థ కుర్రాళ్లు నెలల తరబడి రోజూ పొద్దున్నే వచ్చి కొట్టేశారు. రాళ్లను ఎవరో ఒకరు తుడుస్తూ ఉంటేనే రాళ్లు. లేకుంటే మట్టిగుట్ట.

లాల్‌పేటలో ఇంకో విచిత్రం. పెద్ద పెద్ద ఏకశిలా విగ్రహాలు నేలమీద పడుకుని ఉంటాయి, నిలబెట్టనే లేదు. పది తలల దేవత వెల్లకిలా ఆకాశం చూస్తుంటుంది. ఆ తలలు లెక్కబెట్టి జనం రావణుడంటారు. గోండు రాజుల కాలంలో రాయప్ప అనే కోమటి పెద్ద గుడి తలపెట్టి, పూర్తికాకముందే కన్నుమూశాడని చెప్తారు. మన కోమటే. గుడి లేదు, గోపురం లేదు, ప్రతిష్ఠ లేదు. పేరు మటుకు ఉంది. మా పెద్దవ్వ మొదలుపెట్టిన రొట్టె ఏదీ మధ్యలో వదిలి ఉండదు.

అక్కణ్నుంచి తిరిగొచ్చి, పెద్దవ్వను మట్టి చేసిన బల్లార్షా బొందలగడ్డకు మధ్యాహ్నం చేరాం. మా దిక్కు శ్మశానాన్ని బొందలగడ్డ అంటాం. బొంద అంటే గొయ్యి. రోజుకు పదిసార్లు "నీ బొంద" అని ఒకరినొకరు తిట్టుకుంటాం, అర్థం ఎవరికీ గుర్తుండదు. కాల్చేవాళ్లకు ఈ బాధ లేదు, బూడిద ఏట్లో కలిపి ఇంటికి వస్తారు. మట్టి చేసేవాళ్లకు చోటు మిగిలిపోతుంది. చోటు మిగిలితే దానికి మనిషి కావాలి. విదర్భలో, మన తెలంగాణలో ఇనపయుగం నాటివాళ్లు చచ్చినవాళ్లను పెట్టి చుట్టూ రాళ్లు గుండ్రంగా పేర్చారు. నాగపూర్ దగ్గర జూనాపాణిలో అట్లాంటి వలయాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. మన పల్లెల్లో వాటిని రాక్షసగుళ్లు అంటాం. అక్కడ పడుకున్నది ఎవరి అవ్వలో, తాతలో మరిచిపోయాం కాబట్టి రాక్షసుల్ని చేసేశాం.

గడ్డకు ఒక పక్క ఏరు, ఇంకో పక్క ఓపెన్‌కాస్ట్ గని మట్టిగుట్ట. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. ఏడాదికేడాది ఆ గుట్ట కిందికి జారుతూ వస్తోంది. అత్త చిన్నప్పుడు చూసిన చింతచెట్టు ఇప్పుడు గుట్ట కిందే ఎక్కడో ఉంది. మిగిలిన మేర సర్కారు తుమ్మ. అత్త చీర కొంగు నెత్తిన వేసుకుని, కర్రతో ముళ్లు తప్పిస్తూ, నాకంటే ముందు నడిచింది. రెండుసార్లు ఆగి వెనక్కి చూసుకుంది, ఏటి వంతెన ఎటు కనపడుతోందో సరిచూసుకుని మళ్లీ నడిచింది. ఆమె చదువుకోలేదు. అయినా ఆ కొలత ఆమెకు తప్పలేదు.

"గిదే."

నాకు ముందు ఏమీ కనపడలేదు. నేలకు సమానంగా ఒక నల్లరాయి. వంగి మట్టి తోస్తే గుండ్రని అంచు బయటపడింది. ఇసుర్రాయి, కింది దిమ్మె. మూడు జానలు ఉంటుంది అడ్డం. అంచు వెంట అరిగి నున్నగా అయిపోయింది కానీ, నడిమికి వేలు పోనిస్తే కక్కు కొట్టిన గంట్లు ఇంకా గరుకుగా తగులుతున్నాయి. సరిగ్గా మధ్యలో కీల దిగే బొక్క. కొయ్యకీల ఎప్పుడో చీకిపోయింది. ఎర్రచీమలు బొక్కలోంచి ఒకటే రాకపోకలు.

"ఆమె ఇసిరిన రాయి ఇంట్ల ఇంకెవలు వాడొద్దని మీ తాత భుజం మీద మోసుకొచ్చి తలాపున పెట్టిండు."

నా కళ్లు చెమర్చేలోపే అత్త ఇంకో మాట అంది. "అప్పటికే కాలనీల పిండి గిర్ని వడ్డది. రాయితోని పనేమున్నది, జాగ దండుగ."

పై రాయి ఏమైందన్నాను. ఎవరో పట్టుకుపోయి ఉంటారంది. నాలుగిళ్లకు ఒక ఇసుర్రాయి ఉన్న రోజులు. పిడి ఉన్న పై రాయి ఎవరికన్నా పనికొస్తుంది, కింది దిమ్మె ఎవరు మోస్తారు.

అత్త సంచీలోంచి సీసా తీసి నీళ్లు పోసింది. అరచేత్తో రాయిని కడిగింది, గంట్లలో మట్టి గోటితో గీరింది, రొట్టె పెనం తోముతున్నట్టు. పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. తెచ్చిన జొన్నరొట్టె మీద బెల్లం ముక్క పెట్టి తలాపున ఉంచింది. చుట్ట ఒకటి వెలిగించి, ఒక్క దమ్ము తానే లాగి, రాయి అంచున ఆనించింది. "తాగేదా?" అన్నాను. "గనిల వడ్డ అలవాటు" అంది. చీమలు పొగకు కాసేపు ఆగి, మళ్లీ రొట్టె వైపు దారి తీశాయి.

ఫోటో తీసుకున్నాను. ఫోన్‌లో అది మామూలు నల్లరాయి. ఎవరికి చూపించినా ఏమిటిదంటారు.

తిరుగు ప్రయాణంలో రైలు నడుస్తున్నంతసేపు మార్లవాయి గుర్తొస్తూనే ఉంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, జైనూరు మండలంలో ఉన్న గోండు ఊరు. 1940లో కుమురం భీం పోరాటం నెత్తురుతో ముగిశాక, గిరిజనుల బాధలేమిటో తెలుసుకోవడానికి నిజాం సర్కారు పంపిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ ఆ ఊళ్లోనే మకాం వేశాడు. గోండు పిల్లలకు చదువు చెప్పేవాళ్లను తయారుచేసే శిక్షణ కేంద్రం 1943లో అక్కడే మొదలైంది. ఆయన పేరు ఆదిలాబాద్‌లో తెలియనివాళ్లు లేరు. వెంట ఉన్న భార్య బెట్టీ ఎలిజబెత్ పేరు పుస్తకాల్లో ఆయన పేరు వెనకే. 1987 జనవరి 11న ఆమె హైదరాబాద్‌లో పోతే, మార్లవాయిలో మట్టి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. ఆయన అస్థికలు వచ్చి ఆమె పక్కన చేరింది 2012లో. అంటే పాతికేళ్లు ఆ గోండు ఊళ్లో ఆమె ఒక్కతే. వర్ధంతి జరిపేది ఇప్పటికీ ఆమె పోయిన తేదీనే. జనవరి 11న ఊరు ఊరంతా ఆ సమాధి దగ్గర చేరుతుంది. ఆ ఊరివాళ్లకు ఆమె రక్తసంబంధీకురాలు కాదు. అయినా వాళ్లకు పేరు తెలుసు, తేదీ తెలుసు. నాకు రెండూ తెలియవు, మా ముత్తవ్వవి.

చాలా రోజులు ప్రయత్నం చేశాను. దూరపు చుట్టాలకు ఫోన్లు చేశాను. ఒకరు మల్లవ్వ అన్నారు, అది వేరే ఆమె అని తేలింది. ఒకాయన "ఎందుకు బాబూ, ఆస్తి ఏమన్నా ఉందా?" అని అడిగాడు. గని పాత రిజిస్టర్లుంటాయేమో అని ఒక ఆఫీసు మెట్లెక్కితే, నలభై మూడు నాటివా అని అక్కడి గుమస్తా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మరీ నవ్వాడు.

ఈ ఏడు పెత్తరమాసకు అత్తను మంచిర్యాల తీసుకొచ్చాను. గుడి ముందు అదే వరుస, అవే గుమ్మడికాయలు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ కాబట్టి పక్క సందులో అప్పుడే మైకు పెట్టి పాటలు పరీక్షిస్తున్నారు. మా వంతు వచ్చింది. మగవాళ్లయ్యారు. నాయనమ్మ అయింది.

"తాతమ్మ?"

"పేరు తెలవదండి. బల్లార్షాల ఉండేది" అన్నాను కొంచెం గట్టిగా. మైకు గుర్రుమంది.

"బాలవ్వ" అని అందుకున్నారు అయ్యగారు. గోత్రం కలిపి, మంత్రం చదివి, నీళ్లు విడవమన్నారు. కాదండీ అని చెప్పబోయాను. అత్త నా మోచేయి పట్టి నొక్కింది. నీళ్లు విడిచాను. పళ్లెంలో రవిక గుడ్డ మీద నాలుగు బియ్యపు గింజలు పడ్డాయి.

మెట్లు దిగాక అడిగాను. "బాలవ్వ కాదు గదా అత్తా?"

"కావచ్చు, కాకపోవచ్చు."

"మరి తప్పు పేరు మీద..."

"మీ బాపు మటుకు తెలిసే చెప్పిండంటవా?" అని, ఎదురుగా తంగేడు పూలు అమ్ముతున్నామెను కట్ట ఎంతకిస్తావని అడగడానికి ముందుకు నడిచింది.